ఎర్రనీటికి ఎన్ని రంగులు

గోదావరికి ఎర్రనీరు దిగిందంటే ధవళేశ్వరంలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. మొన్నటిదాకా ఆనకట్టకు ఎగువన లేత ఆకుపచ్చగా నిలిచిన నీరు రెండు మూడు రోజుల్లోనే ఇటుకపొడి రంగుకు తిరుగుతుంది. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మోసుకొచ్చిన మన్నంతా గేట్ల కిందనుంచి ఉరుకుతుంది. ఆ దృశ్యాన్ని ఆయిల్ రంగుల్లో వేద్దామని గట్టు మీద ఈజిల్ నిలబెట్టిన కొత్త చిత్రకారుడు మొదట బ్రౌన్ ట్యూబు మూత తీస్తాడు. నదంతా అదే పూస్తాడు. ఇంటికొచ్చి చూసుకుంటే కాన్వాస్ మీద బురద ఉంటుంది, గోదావరి ఉండదు.

తప్పు అతని చేతిది కాదు, చూపుది. కాళ్ళ దగ్గరి నీటిని చూస్తే మన్ను రంగే కనిపిస్తుంది, నిజమే. కానీ చూపు దూరం వెళ్ళేకొద్దీ నీటిపొర ఆకాశపు వెలుగును ఎక్కువగా తిప్పి పంపుతుంది. అందుకే అదే వరదనీరు నడిమధ్యలో బూడిద కలిసిన గులాబీ రంగులోకి, అవతలి గట్టు దగ్గర దాదాపు వెండి రంగులోకి మారిపోతుంది. ఇంకో విశేషం ఉంది. తేటనీటి మీద నీడ సరిగ్గా నిలవదు, వరదనీటి మీద నిలుస్తుంది. వంతెన స్తంభాల నీడలు ఆ ఎర్రటి నీటి మీద ఊదారంగు చారలుగా పడతాయి. ఆ ఊదా వేసిన తరువాతే చుట్టూ ఉన్న ఎరుపుకు ప్రాణం వస్తుంది.

భావం పలికించే రంగు అంటే చాలామంది చిత్రకారుడు తన ఇష్టం వచ్చినట్టు పూసే రంగు అనుకుంటారు. చెట్టుకు నీలం, ఆకాశానికి ఆకుపచ్చ వేస్తే చాలు, ఆధునికమైపోయిందని కొందరి నమ్మకం. అది పొరపాటు. గొప్ప దృశ్యచిత్రాల్లో కనిపించే ఆ సాహసపు రంగులన్నీ కళ్ళెదుట ఉన్నవాటినుంచే పుట్టాయి. ఉన్నదాన్ని కాస్త ముందుకు నెట్టడమే చిత్రకారుడు చేసిన పని.

ఈ సంగతి నేర్చుకోవడానికి ధవళేశ్వరం కంటే మంచి చోటు తెలుగునేలలో అరుదు. ఊరు నదికి తూర్పుగట్టున ఉంది. పొద్దున సూర్యుడు వీపు వెనక ఉంటాడు కాబట్టి అవతలి విజ్జేశ్వరం వైపు చెట్లు, మధ్యలోని లంకలు నిండు రంగుల్లో వెలుగుతాయి. సాయంత్రం అదే సూర్యుడు నీళ్ళ మీదుగా ఎదురుగా దిగుతాడు. పొద్దున పచ్చగా ఉన్న లంక సాయంత్రానికి ముదురు ఊదారంగు పట్టీ అయిపోతుంది. ఒకే చోట, ఒకే కుర్చీలో కూర్చుని, ఒకే దృశ్యాన్ని రెండు వేరు వేరు బొమ్మలుగా వేయవచ్చు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కు పూర్తిచేసిన పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి సిద్ధమైన బ్యారేజీ కూడా చిత్రకారుడికి ఒక వరమే. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాల్లో పరుచుకున్న ఆ 175 గేట్ల వరస ఎదురెండలో ఒక నల్లని లయగా నిలబడుతుంది. చుట్టూ నీరూ ఆకాశమూ ఎంత చెదిరిపోయినా బొమ్మకు వెన్నెముక దొరుకుతుంది.

ఈ గట్టుకు చిత్రకళతో చుట్టరికం కొత్తదేమీ కాదు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు, కవి. దామెర్ల రామారావు చేతిలోని కళను గుర్తించి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు దారి చూపింది ఆయనే. అడివి బాపిరాజుకూ ఆయన గురువే. 1897లో పుట్టిన రామారావు 1916లో బొంబాయి వెళ్ళి, అక్కడ పాశ్చాత్య పద్ధతిలో చిత్రకళ నేర్చుకుని, తిరిగి రాజమండ్రికే వచ్చాడు. మిత్రుడు వరదా వెంకటరత్నం వంటి వాళ్ళతో కలిసి ఇక్కడే ఒక చిత్రకళా సంప్రదాయానికి పునాది వేశాడు. 1925 ఫిబ్రవరిలో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే మశూచికి బలైపోయాడు. ఆయన పేరు చెప్పగానే అందరూ 'పుష్పాలంకరణ', 'సిద్ధార్థ రాగోదయం', 'ఋష్యశృంగ బంధనం' తలుచుకుంటారు. వాటిలోని రేఖను పొగుడుతారు. ఆయన ప్రకృతి దృశ్యాల మాట మాత్రం ఎవరి నోటా పెద్దగా రాదు. ఇది న్యాయం కాదు. గోదావరి ఒడ్డున పెరిగిన చిత్రకారుడి కంటికి రంగు మీద ఆ అదుపు ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలకు వెళ్ళి బొమ్మల్లో మనుషుల్ని కాసేపు పక్కన పెట్టి, వాళ్ళ వెనకనున్న నేలనూ ఆకాశాన్నీ చూడాలి.

యూరప్‌లో దృశ్యచిత్రానికి రంగు స్వేచ్ఛ ఒక్కరోజులో రాలేదు. 1839లో షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త, గోబ్లాఁ నేతశాలలో అద్దకాల పని చూస్తూ తెలుసుకున్న సంగతిని పుస్తకంగా తెచ్చాడు. ఒక రంగు పక్కన దాని ఎదురురంగు పెడితే రెండూ మరింత మెరుస్తాయన్నది దాని సారం. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరపు రంగు ట్యూబుకు పేటెంట్ పొందాడు. అప్పటినుంచి ఆయిల్ రంగులు సంచిలో వేసుకుని పొలాల్లోకి నడవడం తేలికైంది. మోనే 1890–91లో వేసిన గడ్డిమేట్ల వరస ఈ రెండింటి ఫలమే. మంచు మీద ఆ మేటు నీడ నీలంగా, ఊదాగా ఉంటుంది, నల్లగా ఉండదు. కోనసీమలో కోతలయ్యాక నిలబెట్టే వరిగడ్డి మేట్లను సాయంత్రం ఐదింటికి చూసినవాళ్ళకు ఆ నీడ కొత్తగా అనిపించదు.

1906లో ఆంద్రే దెరాఁ లండన్ వెళ్ళి థేమ్స్ నదినీ దాని వంతెనల్నీ వేశాడు. పొగమంచుకు పేరుపడ్డ ఆ ఊరిని నారింజ, గులాబీ, పచ్చ రంగుల్లో ముంచెత్తాడు. అయినా ఆ బొమ్మల్లో వంతెన వంతెనలాగే నిలుస్తుంది, నీరు నీరులాగే పారుతుంది. కారణం ఒకటే. ఏ రంగు వేసినా వెలుగు, చీకటుల కొలత అతను తప్పలేదు. నాటి చిత్రకారులు ఇనుప వంతెనలకు అన్నేసి కాన్వాసులు ఇచ్చారు. 1900లో రైళ్ళకు తెరిచిన మన హేవ్‌లాక్ వంతెనకు ఆ అదృష్టం ఇంకా దక్కాల్సి ఉంది.

ఇక పనిలోకి వద్దాం. సాయంత్రం బ్యారేజీ బొమ్మ వేయాలనుకుందాం. తెల్లటి కాన్వాస్ మీద నేరుగా మొదలుపెట్టకూడదు. బర్న్ట్ సియెన్నాను టర్పెంటైన్‌తో పల్చగా కలిపి కాన్వాసంతా గుడ్డతో రుద్దాలి. అది ఆరాక ఆకాశానికి వేసే చల్లని నీలాల మధ్య, నీటిలోని బూడిదరంగుల మధ్య అక్కడక్కడ ఆ వెచ్చని నేల తొంగిచూస్తుంది. ఆ చిన్న ఖాళీలను పూడ్చకూడదు. బొమ్మంతా సాయంకాలపు వేడి నింపేది అవే. తరువాత కళ్ళు సగం మూసి చూడాలి. అప్పుడు రంగులు అణిగి, ఏది ముదురు, ఏది లేత అన్నది తేలుతుంది. గేట్ల వరస అన్నిటికంటే ముదురు. అలాగని నలుపు వాడితే అక్కడ కాన్వాస్‌కు కన్నం పడినట్టుంటుంది. అల్ట్రామెరీన్‌లో బర్న్ట్ సియెన్నా కలిపితే నలుపుకు దగ్గరగా వచ్చే, గాలి ఆడే చీకటి దొరుకుతుంది. సూర్యుడి చుట్టూ తెలుపు కుమ్మరించడం ఇంకో అలవాటు. తెలుపు రంగును చల్లబరుస్తుంది. అక్కడ క్యాడ్మియం ఎల్లోలో కొంచెమే తెలుపు వేసి, దాని పక్కన ఊదా కలిసిన బూడిదరంగు పెడితే చాలు, పసుపు దానంతటదే మండుతుంది.

డెల్టాలో అన్నిటికంటే కష్టమైంది ఆకుపచ్చ. ఊడ్పుల తరువాతి వరిచేను పచ్చదనం ట్యూబులో దొరకదు. విరిడియన్ నేరుగా పెడితే ప్లాస్టిక్‌లా ఉంటుంది. దానిలో ఎల్లో ఆకర్ కలిపి, చిటికెడు ఎరుపుతో దాని పొగరు దించాలి. చేనంతా ఒకే పచ్చ వేయకుండా గట్ల దగ్గర జేగురు, నీరు నిలిచిన చోట ఆకాశపు లేత నీలం రానివ్వాలి. నిండు పచ్చను ఒక్క చోటికే, ఎండ తగిలే మడికే ఉంచుకోవాలి. బొమ్మంతా గొంతెత్తి అరిస్తే ఏ మాటా వినపడదు.

ఆయిల్ రంగుకు ఇక్కడి వానాకాలంతో ఒక పేచీ ఉంది. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్ తీసుకుని గట్టిపడుతుంది, నీళ్ళ రంగులా తడి ఎగిరిపోయి ఆరదు. తేమ నిండిన రోజుల్లో ఆ పని నెమ్మదిస్తుంది, కాన్వాస్ వెనక బూజు కూడా పడుతుంది. కింది పొరలో టర్పెంటైన్ ఎక్కువ, పై పొరల్లో నూనె ఎక్కువ ఉండాలన్న పాత నియమం తప్పితే పైపొర ముందు బిగిసి, కొన్నాళ్ళకు పగుళ్ళిస్తుంది. రా అంబర్ వంటి మట్టి రంగులు త్వరగా ఆరతాయి. అందుకే వానాకాలంలో కింది పొరకు వాటిని మించినవి లేవు. అయితే ఆలస్యంగా ఆరడం ఒక సుఖం కూడా. ఎర్రనీటి అంచున నురగనూ సుడులనూ తడి మీద తడిగా, ఒక రంగులోకి ఇంకోటి లాగుతూ వేసే వీలు ఇంకే రంగులోనూ ఇంత లేదు.

రంగే విషయంగా ప్రకృతిని వేసిన తెలుగువాళ్ళు మనకు ఉన్నారు. మధిరలో పుట్టి హైదరాబాదులో స్థిరపడి 2019లో కన్నుమూసిన సూర్యప్రకాశ్ నీటిలోని నీడల్ని, రాలిన ఆకుల్ని దశాబ్దాలపాటు వేశాడు. ఆయన కాన్వాస్ ముందు నిలబడితే ఏది చెరువు, ఏది చెట్టు అని వెతకబుద్ధి కాదు. అయినా అది ఒక చెరువుగట్టేనని కంటికి అనుమానం ఉండదు. ఉన్నదాన్ని ముందుకు నెట్టడమంటే ఇదే. రాజమండ్రి రేఖకు ఈ రంగు తోడైతే గోదావరి దృశ్యచిత్రం ఏ స్థాయికి వెళ్ళగలదో ఊహించవచ్చు.

ఎరుపు ఎంచుకునేటప్పుడు మాత్రం గట్టు మీద కూర్చునేవాళ్ళు ఒక జాగ్రత్త తీసుకోవాలి. సంధ్యకు అందరూ వాడే అలిజరిన్ క్రిమ్సన్‌ను పల్చగా, తెలుపు కలిపి వేస్తే ఏళ్ళు గడిచేకొద్దీ వెలుతురుకు వెలిసిపోతుంది. దాని బదులు క్వినాక్రిడోన్ ఎరుపులు వాడితే ఆ పొద్దుటి గులాబీ, ఆ సాయంత్రపు ఊదా బొమ్మలో చాలాకాలం నిలుస్తాయి.