మూడో కవరు ఎవరికిద్దాం?

సంక్రాంతి సంచికల్లో ఒక తరహా ప్రకటన తప్పకుండా కనబడుతుంది. పైన దేవుడి బొమ్మ, పక్కన చేతులు జోడించిన పెద్దమనిషి ఫోటో, మధ్యలో శుభాకాంక్షలు, అడుగున దుకాణం పేరు. ఆ దుకాణంలో ఏం అమ్ముతారో ఉండదు. సంపాదకుడూ ఆ దుకాణాయన బావమరిదీ కలిసి చదువుకున్నారు కాబట్టి వచ్చిన ప్రకటన అది. మేం దాన్ని మొహమాటం యాడ్ అంటాం. డబ్బులొస్తాయి, కాదనను. కానీ మొహమాటం ఒక్కసారే పనిచేస్తుంది. రెండో ఏడు మన నంబరు చూడగానే ఆయన ఫోను ఎత్తడు. ప్రకటనా పోతుంది, పలకరింపూ పోతుంది.

విజయవాడ నుంచి మేం తెచ్చే మాసపత్రిక మిద్దెతోటల గురించి. మేడ మీద కుండీల్లో, గ్రో బ్యాగుల్లో, పాత నీళ్ల డ్రమ్ముల్లో ఆకుకూరలూ బీరపాదులూ పెంచుకునేవాళ్లు చదువుతారు. వెయ్యి కాపీల వ్యవహారం. చందాలతో కాగితం ఖర్చు వస్తుంది, అచ్చుకూలీ, పోస్టేజీ ప్రకటనల మీదే తీరాలి. రంగుల్లో వేసేది కవరు నాలుగు పేజీలే. మొదటిది మాది. రెండోది, మూడోది, వెనక అట్ట అమ్ముడుపోతే ఆ నెల గట్టెక్కినట్టే.

కంపెనీల యాడ్ల కోసం ఏజెన్సీల చుట్టూ తిరగడం మా స్థాయి పత్రికకు దండగ. ఏజెన్సీకి మామూలుగా ఇచ్చే కమీషన్ 15 శాతం. అరపేజీ రెండు వేలనుకుంటే వాళ్లకు మిగిలేది మూడు వందలు. ఆ మూడు వందలకు రిలీజ్ ఆర్డరు రాసి, వోచర్ కాపీ అడిగి, బిల్లు చూసి, చెక్కు పంపే తీరిక ఎవరికుంది? కాబట్టి మనం వెళ్లాల్సింది మన వీధి దుకాణానికే.

ఆ దుకాణాయన మన కోసం కాచుకుని కూర్చోలేదు. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక చిన్న పట్నాల వ్యాపారులకు కూడా దినపత్రికలో చోటు అందుబాటులోకి వచ్చింది. తర్వాత కేబుల్ టీవీలో స్క్రోలింగ్ వచ్చింది, కూడలికో ఫ్లెక్సీ వచ్చింది, ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్ రీళ్లు. వీటన్నిటికీ డబ్బు పెట్టి అలిసిపోయిన మనిషి ముందు మనం పుస్తకం పట్టుకుని నిలబడతాం. ఆయన పేజీలు తిప్పకుండానే అడుగుతాడు.

"ఎన్ని కాపీలు వేస్తారండీ?"

"వెయ్యండీ."

"వెయ్యేనా?"

ఇక్కడ చాలామంది అయిదు వేలని చెప్పేస్తారు. నేను చెప్పను. నీతి సంగతి అటుంచితే, ఊరు చిన్నది. మన పుస్తకం వేసే ప్రెస్సాయనా ఈ దుకాణాయనా ఒకే టీకొట్టు దగ్గర నిలబడతారు, లెక్క బయటికి రాకుండా ఉండదు. పైగా కాపీల పందెంలోకి దిగితే రెండు రూపాయల కరపత్రం కూడా మనల్ని ఓడిస్తుంది. ఆ వెయ్యిమందీ ఎవరన్నదే మన సరుకు.

అది తెలియాలంటే వాళ్లనే అడగాలి. చందా పునరుద్ధరణ కార్డు వెనకవైపు ఖాళీగా పోతోంది కదా అని కొన్ని ప్రశ్నలు అచ్చు వేయించాం. మట్టి ఎక్కడ కొంటారు, మొక్కలు ఎక్కడివి, మేడ మీద మీకున్న పెద్ద బాధేంటి అని. మొదటి రెంటికీ వచ్చిన జవాబులు ఊహించినవే. వర్మీకంపోస్టు పక్క ఊరి గోశాల నుంచి, పూలమొక్కలు కడియం సరుకు తెచ్చే నర్సరీల నుంచి. మూడో ప్రశ్నకు పేనుబంక అనో పిండినల్లి అనో రాస్తారనుకున్నాం. కార్డు తర్వాత కార్డు ఒకటే పాట: కుండీలు పెడితే స్లాబు కారుతుందని ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఒకావిడ అయితే వాళ్లాయనకూ ఆవిడకూ జరిగిన వాగ్వాదం మొత్తం సన్నటి అక్షరాలతో కార్డు అంచుల దాకా రాసుకొచ్చింది.

ఆ కార్డులన్నీ రబ్బరుబ్యాండు వేసి పట్టుకెళ్లి, మేడలకు వాటర్‌ప్రూఫింగ్ చేసే కాంట్రాక్టరు బల్ల మీద పెట్టాను. "మొక్కల పుస్తకంలో నా యాడ్ ఎందుకండీ" అని మొదట నవ్వాడు. తర్వాత ఒక్కో కార్డూ చదవడం మొదలుపెట్టాడు. మధ్యలో ఫోనొస్తే కట్ చేశాడు. "ఇవన్నీ నాకు రావాల్సిన ఫోన్లు కదండీ మేడం" అన్నాడు. రేటు గురించి పెద్దగా బేరమాడలేదు.

ఇందులో మా గొప్పేం లేదు, తెలుగు పత్రికలకిది తాతలనాటి విద్య. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టారు. 1908లో అక్కడి నుంచే ఆంధ్రపత్రిక వారపత్రిక తెచ్చారు, 1924లో భారతి మాసపత్రిక. వ్యాపారం మీద వచ్చిన డబ్బే ఆ పత్రికలకు కొమ్ము కాసింది. తలనొప్పి అందరిదీ, కాబట్టి అందరూ చదివే పత్రికలో ఆ పసుపు సీసా ప్రకటన ఇమిడిపోయింది. మద్రాసులో డాక్టర్ కె.ఎన్. కేసరి గారి లెక్క ఇంకా గురి చూసినది. ఆయన కేసరి కుటీరం మందుల్లో పేరున్నది లోధ్ర, స్త్రీల మందు. ఆయన 1928లో ప్రారంభించినది గృహలక్ష్మి, స్త్రీల పత్రిక. చదివేవాళ్లూ కొనేవాళ్లూ ఒక్కరే. ఆ పత్రికలో ఎంత సాహిత్యం వచ్చిందో చెప్పుకుంటాం గానీ, ఆ సాహిత్యాన్ని మోసిన సీసా గురించి మన సాహిత్య చరిత్రలు పెద్దగా రాయవు. రాయాలని నా అభిప్రాయం.

ప్రకటన దొరకడం ఒక ఎత్తు, అది ఫోన్లు తేవడం ఇంకో ఎత్తు. షేడ్‌నెట్ పందిళ్లు వేసే ఒక ఫ్యాబ్రికేటరు మాకిచ్చిన మేటరు ఇలా ఉంది: పైన వినాయకుడు, ఎడమవైపు 'ప్రొ.' అని ఆయన పేరు, కుడివైపు నాలుగు ఫోను నంబర్లు, మధ్యలో గేట్లు, గ్రిల్స్, రోలింగ్ షట్టర్లు, రేకుల షెడ్లు, మెట్ల రెయిలింగులు, చివర్లో 'మరియు అన్ని రకముల నెట్లు'. విజిటింగ్ కార్డునే పెద్దది చేసి పంపాడన్నమాట. అయ్యా, మా పాఠకులకు షట్టరుతో పనిలేదు, నెట్టు ఒక్కటే ఉంచుదాం అంటే ఒప్పుకోడు. డబ్బిచ్చిన చోట అరంగుళం ఖాళీ వదిలినా నష్టపోయినట్టు బాధపడతాడు. చివరికి వినాయకుణ్ణి ఉంచి మిగతావి తీసేశాం. "ఎండలు ముదరకముందే పందిరి. మేడ పొడవు, వెడల్పు వాట్సాప్ చేయండి, ఎంతవుతుందో సాయంత్రానికల్లా చెబుతాం" అని రెండు వాక్యాలు, ఒకే నంబరు. ఆ నంబరు మా పత్రికలో తప్ప ఇంకెక్కడా వేయొద్దని షరతు పెట్టాను. ఫోనొచ్చిందంటే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయనకే తెలుస్తుంది. ఇప్పుడు నేను అడగడానికి వెళ్లక్కర్లేదు, ఆయనే ఫిబ్రవరిలో ఫోను చేసి వెనక అట్ట తనకు ఉంచమంటాడు.

నెల కుదరడం కూడా ముఖ్యమే. పందిరి ప్రకటన మార్చిలో రావాలి, స్లాబు ప్రకటన వానలకు ముందు మేలో. విత్తనాలవాళ్లు జూన్‌లో ఒకసారి, శీతాకాలపు కూరలకు సెప్టెంబరులో ఒకసారి. పన్నెండు నెలలకూ కలిపి ఒప్పందం రాయించుకుంటే మనకు హాయిగానే ఉంటుంది, కానీ డిసెంబరులో పందిరి యాడ్ చూసి ఫోను చేసే పాఠకుడుండడు. ఫోన్లు రాని నెలలు రెండు పడితే వ్యాపారికి నమ్మకం పోతుంది.

వద్దనాల్సినవీ వస్తాయి. నర్సరీల్లో ఇన్సులిన్ మొక్క అని అమ్ముతారు, చూసే ఉంటారు. రోజుకో ఆకు నమిలితే షుగరు తగ్గిపోతుందని రాసి వేయమని ఒకరు వచ్చారు. మొక్క అమ్ముకోండి, ఆ వాక్యం మాత్రం వేయలేనన్నాను. మందుల ప్రకటనల మీద 1954 నాటి చట్టం ఒకటుంది. నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల పట్టికలో మధుమేహం ఉంది. చట్టం లేకపోయినా వేసేదాన్ని కాదు, మా పాఠకుల్లో సగంమంది ఆ వయసువాళ్లే. లేబులు లేని సీసాలో పురుగుమందు పోసి సేంద్రియం అని అమ్మేవాళ్లదీ అదే దారి. వాళ్లు అందరికంటే ఎక్కువ రేటు ఇస్తామంటారు, అదొక చిత్రం.

ఇంకొక రకం బేరముంది. "యాడ్ ఇస్తాం, మా మీద ఆర్టికల్ రాయండి." ప్రకటన కంటే ఇదే ఎక్కువమంది అడుగుతారు. ఒకసారి రాశామంటే ఆ తర్వాత నిజంగా బాగున్న నర్సరీ గురించి రాసినా పాఠకులు నమ్మరు. పాఠకుల నమ్మకం పోయాక వ్యాపారికి అమ్మడానికి నా దగ్గర ఏమీ మిగలదు. ఈ మాట ఇలాగే చెబుతాను. కొందరు అర్థం చేసుకుని మామూలు యాడ్ ఇస్తారు, కొందరు టీ ఇచ్చి పంపేస్తారు.

డబ్బుల వసూలు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ముందే తీసుకోవాలి. చేతిలో డబ్బు లేదని మొక్కలు, ఎరువు బస్తాలు ఇస్తామనేవాళ్లుంటారు. ఒక ఏడాది అలాగే తీసుకుంటే మా ఆఫీసు మేడ మీద అడుగుపెట్టే చోటు లేకుండా పోయింది. ప్రెస్సాయనకు బిల్లు కింద గులాబీలు ఇవ్వబోతే చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఇప్పుడు ఆ బస్తాలను కొత్త చందాదారులకు బహుమతిగా ఇస్తున్నాం, ఇచ్చినాయన పేరుతోనే. చందా ప్రకటనలో ఆయన పేరు పడుతుంది, బస్తా మీద ఆయన నంబరుంటుంది, కాబట్టి ఆయనకు ఇదే బాగుందట.

వచ్చే నెల మూడో కవరు ఇంకా ఖాళీగానే ఉంది. ఈసారి కార్డుల్లో స్లాబు గోల తగ్గి కోతుల గోల పెరిగింది. కాసిన జామకాయ ఒక్కటీ ఉంచడం లేదట, పైన కూడా వల కట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడుగుతున్నారు. కార్డులు విడిగా కట్టి పెట్టాను. సోమవారం అవి పట్టుకుని వలలు కట్టేవాళ్ల కోసం ఆటోనగర్ వెళ్లాలి.