తెర కట్టేవాళ్లు

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో షాప్‌కామ్ (షాపింగ్ కాంప్లెక్స్) దగ్గర ఆరుబయట సినిమా వేయాలంటే ముందు పొద్దుగూకాలి. ఈలోపు తెల్ల దుప్పటిని ముడత లేకుండా లాగి కట్టి, కింది అంచుకు బరువు వేలాడదీయాలి. లేకుంటే గాలి వీచినప్పుడల్లా బొమ్మల మొహాలు వంకర్లు పోతాయి. సబ్‌టైటిళ్లు వెనకవాళ్లకూ కనబడాలి. చాలామంది నిర్వాహకులు మరిచేది ఇదే.

ఆనంద్ పట్వర్ధన్ తీసిన 'జై భీమ్ కామ్రేడ్' (2011) అయితే పని ఇంకా కష్టం. 1997లో ముంబై రమాబాయి కాలనీలో దళితులపై పోలీసు కాల్పులు జరిగాక మొదలుపెట్టి 14 ఏళ్లు తీసిన డాక్యుమెంటరీ. నిడివి దాదాపు 3 గంటలు. దాని ప్రాణమంతా మరాఠీ పాటల్లో ఉంది. స్పీకరు గరగరలాడిందా, సగం సినిమా పోయినట్టే.

అసలు పనితనం మాత్రం నాకు సినిమా తర్వాతి చర్చలో, మైకు తిప్పేవాళ్ల దగ్గర కనిపిస్తుంది. ప్రశ్న పేరుతో ఉపన్యాసం దంచే పెద్దమనిషి (ప్రతి సభకీ ఒకరుంటారు) చేతిలోంచి నొప్పించకుండా మైకు తీసుకుంటారు. చెయ్యెత్తాలా వద్దా అని తటపటాయిస్తున్న ఫస్టియర్ అమ్మాయికి అందిస్తారు. "తెలుగులోనే అడుగు, ఇంగ్లీషులో నేను చెప్తా."