పస అంతా పాళ్లలోనే

దాల్చినచెట్టు లేత కొమ్మ, పియోనీ వేరు, అల్లం, అతిమధురం, ఎండు రేగుపళ్లు. ఈ అయిదింటినీ కలిపి కాస్తే గుయ్‌జీ తాంగ్ అనే కషాయం. ఒళ్లు వెచ్చగా ఉండి, చెమట పడుతున్నా చలి వదలని రోగికి చైనా సంప్రదాయ వైద్యులు ఇచ్చే మందు ఇది. ఇందులో పియోనీ పాలు మూడు నుంచి ఆరుకు పెంచితే అదే కషాయం కడుపునొప్పికి మందు అవుతుంది. దానికి ధాన్యపు మాల్ట్ పాకం జోడిస్తే, నీరసించిపోయి కడుపులో మెలిపెడుతున్న మనిషికి పనికొస్తుంది. పియోనీని మూడు దగ్గరే ఉంచి దాల్చినకొమ్మను మూడు నుంచి అయిదుకు పెంచారా, పొత్తికడుపులోంచి గుండెల దాకా ఏదో ఎగదన్నుకొస్తున్నట్టుండే బాధకు వాడతారు. ఈ దినుసుల్లో చాలావరకు మన వంటింట్లోనో, మూలికల కొట్లోనో దొరికేవే. పాళ్లు మారినప్పుడల్లా మందు మారిపోతోంది, అంతే.

ఈ పద్ధతికి మూలపురుషుడు జాంగ్ జోంగ్‌జింగ్. రెండో శతాబ్ది చివర, హాన్ రాజ్యం కూలిపోతున్న రోజుల్లో, ఇప్పటి హెనాన్ రాష్ట్రంలోని నాన్‌యాంగ్ ప్రాంతంలో ఉండేవాడు. రెండు వందల మందికి పైగా ఉన్న తన వంశంలో పదేళ్లు తిరక్కుండానే మూడింట రెండు వంతుల మంది పోయారనీ, వారిలో పదింట ఏడుగురిని పొట్టనబెట్టుకున్నవి జ్వరాలేననీ తన ముందుమాటలో చెప్పుకున్నాడు. ఆ దుఃఖంలోంచి పుట్టిన పుస్తకమే 'షాంగ్‌హాన్ లున్'. యుద్ధాల్లో చెల్లాచెదురైన ఆ రాతలను తర్వాతి తరంలో వాంగ్ షూహ అనే వైద్యుడు కూర్చాడు. 1065లో సోంగ్ ప్రభుత్వం పండితుల చేత పరిష్కరింపజేసి అచ్చు వేయించింది. జ్వరాల పుస్తకమే అయినా ఇందులో కడుపు గురించీ, కండరాల గురించీ ఉన్న వైద్యం తక్కువేమీ కాదు.

మలబద్ధకం సంగతే చూడండి. జ్వరం ముదిరి, పొట్ట రాయిలా బిగిసి, రోజుల తరబడి విరేచనం కాని రోగికి పెద్ద ఛెంగ్‌చీ కషాయం. ఇందులో రూబార్బ్ వేరు, మాగ్నోలియా బెరడు, పచ్చి నారింజ పిందెలు, గ్లాబర్ లవణం ఉంటాయి. బెరడునూ పిందెలనూ ముందు బాగా మరిగించాలి. రూబార్బ్‌ను తర్వాత వేయాలి. కషాయం వడకట్టాక లవణం కలిపి ఒకటి రెండు పొంగులు రానివ్వాలి. రూబార్బ్ ఎంతసేపు మరిగితే దాని విరేచన గుణం అంత తగ్గుతుందని ఇప్పటి రసాయన శాస్త్రమూ చెబుతుంది. చిన్న ఛెంగ్‌చీలో లవణం ఉండదు, బెరడు పాలు తక్కువ, మూడు దినుసులనూ ఒకేసారి కాస్తారు. అది మృదువైన మందు.

పెద్దది ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవడానికి జాంగ్ ఒక ఉపాయం చెప్పాడు. ఆరేడు రోజులుగా విరేచనం కాని రోగికి ముందు చిన్న ఛెంగ్‌చీ కొద్దిగా పట్టించి చూడాలి. మందు లోపలికి పోయాక అపానవాయువు వెలువడితే లోపల గట్టిపడిన మలం ఉన్నట్టు. అప్పుడు పెద్ద మందు ఇవ్వొచ్చు. వాయువు రాకపోతే మొదట గట్టిగా వచ్చినా వెనకాల వచ్చేది పలచనే. అలాంటివాడికి విరేచనం చేయించారో, పొట్ట ఉబ్బి ఉన్న ఆకలీ చస్తుంది. స్కానింగులు, ఎక్స్‌రేలు లేని కాలంలో మందునే పరీక్షగా వాడిన తెలివి ఇది.

ఎప్పుడూ పొడిబారిన మలంతో అవస్థపడే మనిషికి దారి వేరు. చిన్న ఛెంగ్‌చీలోని మూడింటికీ గంజాయి గింజలు, ఆప్రికాట్ పప్పు, పియోనీ చేర్చి, తేనెతో మాత్రలు కట్టి ఇస్తారు. నూనె గింజలు పేగును మెత్తబరుస్తాయి. పూటకు పది మాత్రలతో మొదలెట్టి, గుణం కనిపించేదాకా కొద్దికొద్దిగా పెంచమన్నాడు జాంగ్. హాంకాంగ్‌లో 120 మంది మీద 8 వారాల పాటు ఈ మాత్రలను ఉత్తుత్తి మందుతో పోల్చి చూసిన పరిశోధన 2011లో వెలువడింది. ఈ మాత్రలు వేసుకున్నవారికే మేలు స్పష్టంగా ఎక్కువగా కనిపించింది. తర్వాత మనం ఎరిగిన సునాముఖితోనూ పోల్చారు. మందు మానేశాక కూడా మేలు నిలిచినవారు గంజాయి గింజల మాత్రలు వాడినవారిలోనే ఎక్కువ.

కాళ్లు పట్టేయడానికి రాసిన మందులో దినుసులు రెండే. పియోనీ వేరు నాలుగు పాళ్లు, అతిమధురం నాలుగు పాళ్లు. నీళ్లు సగానికి మరిగేదాకా కాచి, వడకట్టి, గోరువెచ్చగా రెండు దఫాలు తాగించాలి. చేతికర్ర అవతల పారేయించే కషాయం అని దీనికి ఇంకో పేరు. ఇది పుస్తకంలో వచ్చే సందర్భమే ఒక పాఠం. పిక్కలు పట్టేసిన రోగికి ఒకరు పొరబాటున గుయ్‌జీ తాంగ్ ఇచ్చి చెమట పట్టించారు. రోగికి గొంతు ఎండింది, కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి, వాంతులు మొదలయ్యాయి. ముందు శొంఠి, అతిమధురం ఇచ్చి ఒంట్లో వేడి నిలపమంటాడు జాంగ్. కాళ్లూ చేతులూ వెచ్చబడ్డాకే ఈ రెండు దినుసుల కషాయం. అప్పుడు కాలు చాపుకోగలుగుతాడు. ఏ మందన్నదే కాదు, ఏది ముందు ఏది తర్వాత అన్నదీ వైద్యమే.

జపాన్‌లో ఈ కషాయాన్ని పొడి రూపంలో ఆధునిక డాక్టర్లే పిక్కల నొప్పికి రాస్తున్నారు. 1976 నుంచి ఇలాంటి పాత యోగాలు చాలావాటికి అక్కడ ఆరోగ్య బీమా వర్తిస్తోంది. అయితే అతిమధురం ఎక్కువ రోజులు వాడితే ఒంట్లో పొటాషియం పడిపోయి, రక్తపోటు పెరుగుతుంది. పొటాషియం తగ్గితే కండరాలు నీరసిస్తాయి, మళ్లీ పట్టేస్తాయి. ఏ బాధకని మందు వేసుకున్నారో ఆ బాధనే మందు తెచ్చిపెడుతుందన్నమాట.

పాళ్లు చెప్పినంత సులువుగా తూకం చెప్పలేరు. హాన్ కాలంలో ల్యాంగ్ అనే తూకం దాదాపు 14, 15 గ్రాములని పురాతన తూకపు రాళ్లు చెబుతున్నాయి. పదహారో శతాబ్దిలో లీ షీజెన్ అనే వైద్యుడు మాత్రం అప్పటి ల్యాంగ్ అంటే తన కాలంలో పదో వంతేనన్నాడు. ఒకరి లెక్కలో 60 గ్రాములయ్యే పియోనీ ఇంకొకరి లెక్కలో 12 గ్రాములే. ఈ తగువు ఇప్పటికీ తెగలేదు. అయినా దినుసుల మధ్య నిష్పత్తి చెక్కుచెదరలేదు కాబట్టే ఈ యోగాలు పద్దెనిమిది వందల ఏళ్లు నిలిచాయి.

రోగిని బట్టి పాళ్లు మార్చడం వల్ల నిజంగా ఒరిగేదేమైనా ఉందా? పేగుల అలజడితో బాధపడే 116 మంది మీద ఆస్ట్రేలియాలో జరిగిన పరీక్ష ఫలితాలు 1998లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చాయి. అందరికీ ఒకే మూలికల మిశ్రమం ఇచ్చినా, మనిషి మనిషికీ విడిగా కూర్చి ఇచ్చినా, ఉత్తుత్తి మందు కంటే గుణం ఎక్కువే కనిపించింది. మందు ఆపిన 14 వారాల తర్వాత మాత్రం విడిగా కూర్చిన మందు తీసుకున్నవారికే ఆ గుణం నిలిచింది. ఒక్క పరీక్షతో అంతా రుజువైపోదు. కానీ వైద్యులు మొదటినుంచీ అంటున్న మాటకు అది బలమే.

మూలిక మారితే ఏమవుతుందో బెల్జియం చూసింది. 1990ల మొదట్లో అక్కడ ఒళ్లు తగ్గించే మాత్రల్లో ఒక చైనా వేరుకు బదులు, దాదాపు అదే పేరున్న అరిస్టోలోకియా జాతి వేరు కలిసింది. వంద మందికి పైగా మహిళల కిడ్నీలు దెబ్బతిన్నాయి. అందుకే ఎండు వేళ్లు కొనుక్కొచ్చి ఇంట్లో కాచుకుందామనుకునేవారు ఈ ఉదంతం గుర్తుపెట్టుకోవాలి. పొట్ట ఉన్నట్టుండి బిగుసుకుపోయినా, కాలు చచ్చుబడినా వెళ్లాల్సింది ఆసుపత్రికే.

ఈ సంప్రదాయం నుంచి ఏ వైద్యమైనా నేర్చుకోదగ్గ సంగతి ఒకటుంది. గుయ్‌జీ తాంగ్ తాగాక వేడివేడి గంజి తాగి, దుప్పటి కప్పుకోవాలి. ఒళ్లంతా సన్నగా చెమ్మగిల్లితే చాలు, చెమట ధారలు కట్టకూడదు. మొదటి మోతాదుకే గుణం కనిపిస్తే మిగిలిన కషాయం తాగొద్దని రాసిపెట్టాడు జాంగ్. పెద్ద ఛెంగ్‌చీకీ అంతే, విరేచనం అయితే ఇక ఆపెయ్యాలి. ఎన్ని సీసాలు వాడితే అంత మంచిదని అమ్మజూపే మూలికల వ్యాపారానికి ఈ మాట రుచించదు. మందు ఎప్పుడు మొదలెట్టాలో చెప్పేవాళ్లు చాలామందే దొరుకుతారు. ఎప్పుడు ఆపాలో కూడా చెప్పగలిగినవాడి దగ్గరికే వెళ్లాలి.