ఉంగరపు వేలి కింద గీత

ఆదివారం పొద్దున్నే పెదవేగిలో ఆటో ఎక్కి ఏలూరు వెళ్తాను. సంగీతం డిప్లొమా చదివే పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాలి. మొదటి నెలంతా నల్లబల్ల మీద తరంగదైర్ఘ్యం, పౌనఃపున్యం, సూత్రాలు. పిల్లలు బుద్ధిగా ఎక్కించుకున్నారు, ఒక్క ప్రశ్న అడగలేదు. కళల పిల్లలకు సైన్సు గట్టెక్కితే చాలు అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కానీ నేను చెప్పిన పాఠమూ ఆ మాటకు తగ్గట్టే ఉంది.

అందుకే ఒక ఆదివారం మృదంగం నేర్చుకునే కుర్రాణ్ణి ముందుకు పిలిచాను. "నం వాయించు నాన్నా." చూపుడు వేలు కుడి మూత అంచున ఉండే మీటు మీద పడింది, ఉంగరపు వేలు నడుమ నల్లటి చుక్కలా ఉండే కరణి అంచున ఊరికే ఆనింది.

"ఆ వేలు అక్కడెందుకు?"

"గురువుగారు పెట్టమన్నారండి."

"తీసి కొట్టు." నాదం మొద్దుబారింది. మళ్లీ ఆనిస్తే శ్రుతి తేటగా పలికింది. చర్మమంతా అదురుతున్నా దాని నడుమ ఒక గీత కదలకుండా ఉంటుంది. వేలు ఆనింది ఆ గీత మీదే. అందుకే ఆ గీత ఉన్న కంపనం ఆగదు, అడుగున ఉన్న మొద్దు స్వరం మాత్రం ఆగిపోతుంది.

విశాఖలో చదువుకున్న సి.వి.రామన్ ఈ వాద్యం గురించి 1920లో 'నేచర్' పత్రికలో రాశారు, ఆ తర్వాత మళ్లీ రాశారు. మామూలు చర్మవాద్యంలో రెండో స్వరం మొదటిదానికి దాదాపు 1.59 రెట్లు, అంటే శ్రుతికి కుదరదు. అన్నం ముద్దలో కిట్టంపొడి కలిపి పొరలు పొరలుగా రుద్దిన కరణి బరువుతో అది దాదాపు 2 రెట్లకు వస్తుంది. మొదటి తొమ్మిది కంపనాలూ ఐదు స్వరాల్లో ఒదుగుతాయి. ఆ నల్లటి చుక్కను వేసిన వాళ్లు చెవితో పట్టుకున్న లెక్క ఇది.

కొల్లేరు గాలికి వానాకాలంలో శ్రుతి ఎందుకు దిగుతుందో ఆ రోజు పిల్లలే చెప్పారు. చర్మం తేమ పీల్చి సడలుతుంది, రాయితో అంచు కొట్టి బిగించాలి.

పై ఆదివారం ఆ కుర్రాడు మృదంగాన్ని నిలబెట్టి, ఎడమ మూతకు పెట్టడానికి తెచ్చుకున్న బొంబాయి రవ్వలోంచి చిటికెడు కుడి మూత మీద చల్లాడు. నం, నం, నం. రవ్వ చెదిరి, తుళ్లి, మెల్లగా అతని ఉంగరపు వేలి దగ్గర్నుంచి అవతలి అంచుదాకా బారు తీరింది.

"మాస్టారూ, ఇంకో వేలు పెడితే?"