ఇసుక మోసిన హనీమన్

గోల్ఫ్ చరిత్ర కాస్త తిరగేసినవాళ్లకు టామ్ మోరిస్ పేరు తగలకుండా ఉండదు. 1821లో పుట్టి 1908లో పోయిన ఈ స్కాట్లాండ్ పెద్దాయన ఓపెన్ టోర్నీ నాలుగుసార్లు గెలిచాడు. సెయింట్ ఆండ్రూస్ మైదానానికి దాదాపు 40 ఏళ్లు పచ్చిక కాపరిగా ఉన్నాడు. ఆయన కింద పనిచేసిన మనిషి హనీమన్. "ఇంకాస్త ఇసుక పొయ్యి హనీమన్" అని టామ్ పొద్దస్తమానం పురమాయించేవాడట. ఆ పురమాయింపు పుణ్యమా అని ఆ పేరు మిగిలింది. పెద్దాయనకు ఏటా 50 పౌండ్ల జీతం, మైదానం ఖర్చులకు మరో 20 పౌండ్లు ఇచ్చినట్టు లెక్కలున్నాయి. హనీమన్ గురించి చెప్పుకోవడానికి మాత్రం ఆ కేకా, ఆ ఇసుకా.

ఇసుక సంగతి చిన్నదేం కాదు. అంతకుముందు ప్రెస్ట్‌విక్‌లో పనిచేస్తున్నప్పుడు టామ్ పొరపాటున చేతిబండెడు ఇసుక పచ్చిక మీద ఒలకబోశాడనీ, కొన్నాళ్లకు అక్కడే గడ్డి ఒత్తుగా వచ్చిందనీ చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గానీ పద్ధతి నిజం. పలచగా ఇసుక చల్లితే గుంటలు పూడతాయి, నీళ్లు నిలవవు, పాకే గడ్డి కణుపుకణుపునా కొత్త వేళ్లు దింపుకుంటుంది. ప్రపంచంలో గోల్ఫ్ ఆడే చాలాచోట్ల ఇవాళ్టికీ ఇదే చేస్తున్నారు.

మన దగ్గర ఆ పని ఎక్కడ జరుగుతుందో చూడాలంటే పురానాపూల్ దాటి, కార్వాన్ మీదుగా గోల్కొండ వెళ్లాలి. 1578లో కట్టిన ఆ వంతెనే అప్పట్లో కోటకూ, తర్వాత పుట్టిన మన పాతబస్తీకీ దారి. కోటను ఆనుకునే నయా ఖిలా. 1656లో ఔరంగజేబు సేన ముట్టడించాక, పక్క గుట్ట మీంచి ఫిరంగులు మళ్లీ పేలకుండా అబ్దుల్లా కుతుబ్ షా ఆ గుట్టనే గోడలోపలికి కలిపేశాడు. ఆ గోడల మధ్యే ఇప్పుడు గోల్ఫ్ కోర్సు. లోపల హాతియోం కా ఝాడ్ అనే ఆఫ్రికా చెట్టు ఒకటుంది. మొదలు చుట్టుకొలత 25 మీటర్లకు పైనే. దాని తొర్రలో దొంగలు దాక్కునేవాళ్లని చెప్పని గైడు ఉండడు.

ఆ నేల అడుగున ఇంకో తోట ఉంది. 2014లో కేంద్ర పురావస్తు శాఖ తవ్వితే కుతుబ్ షాహీల నాటి నీటి కాలువలు, తొట్లు, మట్టి గొట్టాలు బయటపడ్డాయి. ఏటవాలు చూసి నీటిని పారించిన మాలీలు ఎవరో గానీ, వాళ్ల పనితనం మూడున్నర శతాబ్దాలు మట్టి కింద చెక్కుచెదరకుండా ఉంది. మనుషుల వివరాలు రాసుకునే అలవాటే లేని కాలమా అంటే కాదు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొఘలుల దక్కన్ కాగితాలు లక్షకు పైగా ఉన్నాయి. సిపాయి ముఖం మీది పుట్టుమచ్చ, గుర్రం ఒంటి మీది ముద్ర సైతం రాసిపెట్టిన సర్కారు అది. యుద్ధానికి పనికొచ్చే ఒంటిని గుర్తుపట్టాలి కదా మరి. తోటకు ఆ అవసరమేముంది? పూలు పూస్తే చాలు.

నాకు గోల్ఫ్ ఆడటం రాదు, నేర్చుకునే ఆశా లేదు. నా కళ్లు గడ్డి మీదే. ఆ గడ్డి ఏదో సీమ సరుకనుకునేరు, మనం వినాయకుడికి పెట్టే గరిక జాతే. అందులో సన్నరకాన్ని కొన్ని మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తారు. రైతు చేనులో గరిక కలుపు, ఇక్కడ అదే పంట. తెల్లారకముందే పొడవాటి వెదురుకర్రతో పచ్చిక మీది మంచు దులపాలి, తడి ఆరకపోతే తెగులు పడుతుంది. అడుగుల వల్ల ఒకేచోట గడ్డి చావకుండా బంతి పడే గుంటను తరచూ జరపాలి. ఆడవాళ్లు వరసగా గొంతుక్కూర్చుని ఖుర్పీలతో కలుపు తీస్తారు. వాళ్ల అసలు శత్రువు తుంగ. మా గల్లీలో పాత దేవిడీల్లో పనిచేసిన ఒక మాలీ తాత ఉండేవాడు. "పైపైన పీకితే కాదు బేటా, గడ్డ దొరికేదాకా తవ్వాలె" అనేవాడు. ఇంత విద్య ఉన్నవాళ్లను 'లేబర్' అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు మింగుడుపడదు.

నీళ్లకు కరువైన చోట మన దేశంలో పచ్చికకు బదులు నూనె కలిపిన ఇసుకతో 'బ్రౌన్స్' చేసేవాళ్లు, దండు (కంటోన్మెంట్) ప్రాంతాల్లో మరీ ఎక్కువగా. ఒక్కో ఆట అయ్యాక అడుగుల జాడలు చెరిపి మళ్లీ సమం చేయడానికి ఒక మనిషి ఉండేవాడు. అతని ఉద్యోగమే జాడలు చెరపడం!

క్లబ్బుల గోడల మీద గెలిచినవాళ్ల పేర్లు బంగారు అక్షరాల్లో ఉంటాయి, కాదనను. ఆ పక్కనే పచ్చిక పెంచినవాళ్ల పేర్లూ రాయొచ్చు, బోర్డుకు పెద్ద ఖర్చేం కాదు. పాత జీతాల రిజిస్టర్లను తూకానికి వేయొద్దని క్లబ్బులకూ, స్టేడియాలకూ మనవి. మీ ఇంట్లో తాతో, నాయనమ్మో ఏ దేవిడీలోనో, బాగ్‌లోనో, మైదానంలోనో మాలీ పని చేసి ఉంటే పేరు, ఊరు, ఏ తోట, ఏ ఏళ్లు, చేతికెంత వచ్చేది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టండి. వాళ్లు చెప్పగలిగి ఉన్నప్పుడే అడగండి.