బొమ్మకు కీళ్ళు

చేత్తో గీసిన బొమ్మను తెర మీద కదిలించడానికి రెండు దారులున్నాయి. మొదటిది, ప్రతి కదలికకూ బొమ్మను మళ్ళీ మళ్ళీ గీయడం. రెండోది, ఒకసారి గీసిన బొమ్మను తల, మొండెం, చేతులు, కాళ్ళుగా విడదీసి, కీళ్ళ దగ్గర కలిపి, ఆ ముక్కలనే కదిలించడం. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములపాటు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు కావాలి, పది సెకన్ల దృశ్యానికి 120. ఫ్రాన్స్‌లో ఎమిల్ కోల్ 1908లో తీసిన ‘ఫాంటస్మగోరీ’ నిడివి రెండు నిమిషాలైనా లేదు. దానికి ఆయన సుమారు 700 బొమ్మలు గీశారు. ముప్పావుగంట పీరియడ్లలో బడిపిల్లల చేత అంత గీయించడం అయ్యే పని కాదు. అందుకే తరగతిలో పాఠం రెండో దారిలో, అంటే కటౌట్ పద్ధతిలో మొదలుపెట్టడం మేలు.

ఈ పద్ధతి తెలుగువాళ్ళకు కొత్తది కాదు. ఆంధ్ర తోలుబొమ్మకు భుజాలు, మోచేతులు, నడుము, మోకాళ్ళ దగ్గర కీళ్ళుంటాయి. తోలు ముక్కలను విడివిడిగా కత్తిరించి, ఒకదాని అంచు మీదికి మరొకటి వచ్చేలా పేర్చి, దారంతో ముడివేస్తారు. ముడి మరీ బిగిస్తే చెయ్యి తిరగదు, వదిలేస్తే వేలాడిపోతుంది. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో ఈ బొమ్మలు చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. జర్మనీలో లొట్టే రైనిగర్ తీసిన, 1926లో విడుదలైన ‘ప్రిన్స్ అహ్మద్ సాహసాలు’ సినిమాలోనూ కత్తిరించిన నల్లటి బొమ్మలకు కీళ్ళు కట్టి, వాటిని కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కో ఫ్రేమూ ఫొటో తీశారు. ఇవాళ సాఫ్ట్‌వేర్‌లో పివట్ అని పిలిచేది ఆ ముడినే. కంప్యూటర్ తెరిచే ముందు పిల్లల చేత అట్టముక్కలతో, సూదీ దారంతో ఒక చెయ్యి కట్టిస్తే, ఆ తర్వాత తెర మీద చెప్పాల్సింది సగానికి సగం తగ్గిపోతుంది.

ఇక బొమ్మ సంగతి. కదిలే పాత్రకు వివరాల కంటే ఆకారం ముఖ్యం. బాపు గీసిన బుడుగును గుర్తుపట్టడానికి రంగులు అక్కర్లేదు, నాలుగు గీతలు చాలు. పిల్లలు గీసిన పాత్రను మొత్తం నల్లగా నింపి చూపమనడం మంచి పరీక్ష. నలుపులోనూ అది ఎవరో, ఏం చేస్తోందో తెలిస్తే బొమ్మ పనికొస్తుంది. పిల్లలు సాధారణంగా చేతులను ఒంటికి అతికించినట్టు, కాళ్ళను దగ్గరగా గీస్తారు. అలా గీసిన బొమ్మను విడదీయడం కష్టం. చేతులు కాస్త ఎడంగా, కాళ్ళు కాస్త విడిగా ఉండేలా గీయమంటే చాలు. అంతకుమించి ఉపాధ్యాయుడు దిద్దకూడదు. తల పెద్దదైనా, ఒక కన్ను పైకీ ఒకటి కిందికీ ఉన్నా, అది ఆ పిల్ల గీసిన బొమ్మ. దాన్ని చక్కదిద్దితే అది ఆమెది కాకుండా పోతుంది. కదులుతున్నప్పుడు చూడాలన్న ఆసక్తి కూడా దానితోనే పోతుంది.

బట్టల దగ్గర కొంత ఆలోచించాలి. పరికిణీ కట్టుకున్న అమ్మాయికి మోకాళ్ళు కనిపించవు. అక్కడ కాళ్ళను ముక్కలు చేయనక్కర్లేదు. పరికిణీని ఒకే ముక్కగా ఉంచి, కింద పాదాలు రెండూ విడిగా పెట్టి, అంచును అటూ ఇటూ ఊపితే నడకే. పంచె కట్టిన తాతయ్యకూ ఇదే ఉపాయం. నిక్కరు వేసుకున్న కుర్రాడికి మాత్రం తొడ, పిక్క, పాదం మూడూ విడివిడిగా కావాలి.

బొమ్మను కంప్యూటర్లోకి తేవడం పెద్ద పనేమీ కాదు గానీ, అశ్రద్ధ చేస్తే ఆ తర్వాతి పనంతా పాడవుతుంది. స్కానర్ ఉంటే 300 డీపీఐలో ఏ4 కాగితం 2480×3508 పిక్సెళ్ళు వస్తుంది. తెర 1920×1080 కనుక అది కావలసినంత. స్కానర్ లేకపోతే ఫోనుతో, పగటిపూట కిటికీ దగ్గర, నేరుగా ఎండ పడని చోట, కాగితానికి సమాంతరంగా పట్టుకుని తీయాలి. ఫోను నీడ కాగితం మీద పడితే ఆ మూల బూడిద రంగుకు తిరుగుతుంది. కాగితాలను స్కాన్ చేసే ఆప్‌లు పెన్సిల్ ఛాయలను చెరిపేసి నలుపు తెలుపుగా మార్చేస్తాయి కాబట్టి వాటికంటే మామూలు కెమెరానే నయం. లోపలికి వచ్చాక గీతల లేయర్‌ను ‘మల్టిప్లై’లో పెడితే తెలుపు మాయమై గీత మిగులుతుంది. రంగును దాని కింద మరో లేయర్లో వేయాలి. గీతలో ఎక్కడైనా చిన్న సందున్నా, బకెట్ పనిముట్టుతో పోసిన రంగు పేజీ అంతా పారుతుంది. ఆ సందును వెతికి మూయడం పిల్లలే నేర్చుకోవాలి. గీతను ‘స్మూత్’ చేసే మీట జోలికి మాత్రం పోకపోవడమే మంచిది. చేతి వణుకు, పెన్సిల్ ఒత్తిడి, తుడిచిన జాడ పోతే ఇక చేత్తో గీయించడమెందుకు?

అసలు పాఠం ముక్కలు చేయడంలో ఉంది. మోచేతి దగ్గర తిన్నగా అడ్డంగా కోస్తే, చెయ్యి వంగగానే అక్కడ ఖాళీ కనిపిస్తుంది. కాబట్టి ముంజేతి పై కొసను గుండ్రంగా, దండచేతి కిందికి చొచ్చుకుపోయేలా పొడిగించి గీయాలి. ఆ గుండ్రం నడిబొడ్డునే పివట్ పెట్టాలి. అప్పుడు చెయ్యి ఎంత వంగినా అంచు గుండ్రంగానే ఉంటుంది, సందు పడదు. భుజం, మెడ, తుంటి దగ్గరా అంతే. చెయ్యి తీసేశాక దాని వెనక మొండెం మీద ఏర్పడే తెల్లటి ఖాళీని పూరించాలి. కాగితం మీద లేని భాగాన్ని పిల్లలు ఊహించి గీయాల్సింది ఇక్కడే. చొక్కా ప్రక్క కుట్టు ఎక్కడిదాకా వస్తుంది, గొలుసు మెడ వెనక్కి ఎలా తిరుగుతుంది అని అప్పుడు ఆలోచిస్తారు. తర్వాత వరుస: వేళ్ళు ముంజేతికి, ముంజెయ్యి దండచేతికి, దండచెయ్యి మొండేనికి కట్టుబడి ఉండాలి. మొండెం వంగితే అన్నీ వంగాలి, వేళ్ళు ఆడితే మాత్రం మొండెం ఆడకూడదు. ఈ వరుస తిరగబడిన ఫైలులో, చెయ్యి ఊపినప్పుడు మనిషి మొత్తం గాల్లో గిరగిరా తిరుగుతాడు. పిల్లలు నవ్వుతారు. ఆ తప్పు ఎక్కడుందో వాళ్ళే పట్టుకుంటే ఇక మరచిపోరు.

కదలిక నేర్పడానికి బొమ్మ కంటే ముందు రూపాయి బిళ్ళ మంచిది. బల్ల మీద కాగితం పరిచి, పుస్తకాల దొంతర మీద ఫోను పెట్టి, బిళ్ళను 12 సార్లు జరుపుతూ ప్రతిసారీ ఫొటో తీయాలి. మొత్తం దూరం 24 సెంటీమీటర్లు. మొదటిసారి ప్రతి జరుపూ 2 సెంటీమీటర్లు. అప్పుడు బిళ్ళ యంత్రం లాగినట్టు జారిపోతుంది. రెండోసారి అర, ఒకటి, ఒకటిన్నర, రెండు, మూడు, నాలుగు, మళ్ళీ అదే వరుసలో వెనక్కి నాలుగు నుంచి అర దాకా. దూరం అదే, కాలం అదే, ఫొటోల లెక్కా అదే. కానీ ఈసారి బిళ్ళ బయలుదేరుతుంది, వేగం అందుకుంటుంది, నెమ్మదించి ఆగుతుంది. దానికి బరువొచ్చినట్టు కనిపిస్తుంది. డిస్నీ స్టూడియోలో పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో వెలువరించిన పుస్తకంలో చెప్పిన 12 సూత్రాల్లో ఇదీ ఒకటి. మిగతా పదకొండూ ఒకేసారి నల్లబల్ల మీద రాయడం వల్ల ఒరిగేదేమీ లేదు. బిళ్ళతో ఇదొక్కటి కళ్ళారా చూశాక, సాఫ్ట్‌వేర్ టైమ్‌లైన్‌లో కనిపించే వంపు గీత ఏం చేస్తోందో పిల్లలకు విడమరచి చెప్పక్కర్లేదు.

నడక తర్వాత వస్తుంది. ఒక అడుగుకు నాలుగు భంగిమలు చాలు: మడమ నేలను తాకడం, బరువు పడి మోకాలు వంగడం, రెండో కాలు పక్కనుంచి దాటడం, మునివేళ్ళ మీద పైకి లేవడం. రెండో భంగిమలో తల అన్నిటికంటే కిందికి, నాలుగో దాంట్లో అన్నిటికంటే పైకి వస్తుంది. ఈ ఎత్తుపల్లం లేని నడక నడకలా ఉండదు, జారుడుబండ మీద ఉన్నట్టుంటుంది. చురుగ్గా నడిచే మనిషి అడుగుకు 12 ఫ్రేములు, అంటే అర సెకను, సరిపోతాయి. అమ్మమ్మ నడకకు దానికి రెట్టింపు ఇవ్వాలి, అడుగు పొడవూ తగ్గించాలి. వరండాలో ఒకరు నడుస్తుంటే మరొకరు చిటికెలతో లెక్కపెట్టడం కంప్యూటర్ ముందు కూర్చోవడం కంటే ఎక్కువ నేర్పుతుంది. పాదం నేల మీద ఆనినప్పుడు అది కదలకూడదు, ఒళ్ళే ముందుకు సాగాలి. అడుగు పొడవుకూ ఒళ్ళు జరిగే దూరానికీ పొంతన కుదరకపోతే పాదం జారుతుంది. మొదటి నడకల్లో దాదాపు అందరికీ ఎదురయ్యే తప్పు ఇదే.

వేలాడే వస్తువులు బొమ్మకు ప్రాణం పోస్తాయి. తల తిప్పిన అమ్మాయి జడ వెంటనే తిరగకూడదు. తల తిరిగిన రెండు మూడు ఫ్రేములకు జడ మొదలు కదలాలి, ఆ తర్వాత నడుమ భాగం, చివరికి కుచ్చులు. తల ఆగాక కూడా కుచ్చులు ఒకసారి అటు పోయి వెనక్కి రావాలి. జడను మూడు ముక్కలు చేసి ఈ ఆలస్యం ఒక్కటి నేర్పితే మేక తోక, పంచె కొంగు, ఎద్దు గంగడోలు పిల్లలు సొంతంగానే చేసుకుంటారు.

మాట్లాడే బొమ్మకు నోళ్ళు కావాలి. దొరికే నోళ్ళ పట్టికలు చాలావరకు ఇంగ్లిష్ ఉచ్చారణ కోసం తయారైనవి. తెలుగుకు ఏడు చాలు: ప, బ, మలకు మూసిన పెదవులు, క, త, నల వంటివాటికి కొద్దిగా తెరిచిన నోరు, ఆకు బాగా తెరిచిన నోరు, ఈ, ఏలకు సాగిన పెదవులు, ఓకు గుండ్రం, ఊకు ముందుకు చాచిన చిన్న సున్నా, ఫకు కింది పెదవి మీద పైపళ్ళు. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి, మాట అయిపోయిందని ప్రతిసారీ నోరు మూయకూడదు. సున్నా దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ‘అందం’లో రెండు సున్నాలున్నాయి. మొదటిది ద ముందు ఉంది కనుక నాలుక పళ్ళను తాకుతుందే తప్ప పెదవులు కలవవు. రెండోది మాట చివర ఉంది కాబట్టి పెదవులు మూసుకుంటాయి. ‘కంప’లో ప వల్ల నడిమి సున్నాకే మూసుకుంటాయి. వ్యాకరణం పుస్తకంలో పట్టించుకోని ఈ తేడాను పిల్లలు అద్దం ముందు నిలబడి పలికి, తమ పెదవులు చూసి పట్టుకుంటారు. తెలుగు ఉపాధ్యాయులూ ఈ తరగతిలో ఒక పీరియడు తీసుకోదగిన చోటు ఇది. ప్రతి అక్షరానికీ నోరు మార్చనక్కర్లేదు. పెదవులు కలిసే చోట్లు, బాగా తెరుచుకునే చోట్లు సరిగ్గా పడితే మిగతాది చూసేవాళ్ళ చెవే సర్దుకుంటుంది. నోటి ఆకారం శబ్దం కంటే ఒకటి రెండు ఫ్రేములు ముందు రావాలి.

సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టాల్సిన పని లేదు. ఫ్రేము తర్వాత ఫ్రేము గీసేవాళ్ళకు పెన్సిల్2డీ, క్రిటా ఉన్నాయి. ముక్కలను కట్టి ఆడించడానికి ఓపెన్‌టూన్జ్ ఉంది. జపాన్ గిబ్లీ స్టూడియో వాడిన టూన్జ్‌కు ఇది 2016లో వచ్చిన ఉచిత రూపం. ప్రాథమికోన్నత తరగతులకు ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన స్క్రాచ్ తేలిక. అందులో ఒకే పాత్రకు వేర్వేరు వేషాలు పెట్టి వరుసగా మార్చవచ్చు.

బొమ్మను ఫొటో తీసి ఇస్తే తానే కదిలించే పనిముట్లూ వచ్చాయి. మెటా సంస్థ 2021లో పిల్లల బొమ్మల కోసం అలాంటిదొకటి పెట్టింది. 2023లో దాని కోడ్‌నూ, జనం తమ ఇష్టంతో ఇచ్చిన 1,78,000కు పైగా బొమ్మలనూ బయటపెట్టింది. అది కాగితం మీద మనిషి ఆకారాన్ని గుర్తించి, నేపథ్యం నుంచి వేరుచేసి, కీళ్ళు ఎక్కడున్నాయో అంచనా కట్టి, ముందే రికార్డు చేసిన మనిషి కదలికను వాటికి తగిలిస్తుంది. ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ గంతు ఇంకెవరిదో. రెండు చేతులు, రెండు కాళ్ళు ఉన్న బొమ్మకే అది నడుస్తుంది, మేకను ఇస్తే తికమకపడుతుంది. తన చేత్తో కీళ్ళు పెట్టి నడిపించిన పిల్లవాడికి దాన్ని చివర చూపితే, అది మోకాలిని ఎక్కడ తప్పు పట్టుకుందో వాడే చెబుతాడు. మొదటే చూపితే నేర్చుకోవడానికి ఇంకేమీ లేదనుకుంటాడు. ఆన్‌లైన్ పనిముట్లకు ఎక్కించే ముందు కాగితం మీద పిల్లల పేర్లు, బడి పేరు లేకుండా చూడాలి.

పూర్తయిన దాన్ని మొదట శబ్దం లేకుండా, పక్క తరగతి పిల్లలకు చూపాలి. ఏం జరుగుతోందో వాళ్ళు మాటల్లో చెప్పగలిగితే కదలిక కుదిరినట్టు. చెప్పలేకపోతే భంగిమలను పెంచి, నడుమ ఫ్రేములను తగ్గించి చూడాలి. మార్కులు వేసేటప్పుడు బొమ్మ అందాన్ని పక్కనపెట్టి బరువు, ఆలస్యం, ఆగడం అనే మూడింటినీ చూస్తే, బాగా గీయలేని పిల్లలూ ఈ పనిలో ముందుకొస్తారు. ఆగకుండా తిరిగే నడకను జిఫ్‌గా, మాటలున్న దృశ్యాన్ని ఎంపీ4గా భద్రపరచాలి. లేయర్లున్న అసలు ఫైలును, కాగితం బొమ్మను కూడా దాచాలి. అవే ముక్కలతో వచ్చే వారం అదే పాత్ర చేత మెట్లెక్కించవచ్చు, బావిలో నీళ్ళు తోడించవచ్చు.