బజారు లెక్క, బడి లెక్క

కోల్‌కతా బజార్లలో కూరగాయలమ్మే పిల్లలు లెక్కల్లో వెనకబడ్డారని ఎవరైనా అంటే, వాళ్లను అడిగిన తీరులోనే ఏదో లోపముందని నా అనుమానం. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోల బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో 1,436 మంది పిల్లలనూ, దగ్గరి బడుల్లో 471 మందినీ పరీక్షించి ఫలితాలను 2025లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించింది. తూకానికి ధర కట్టి, చిల్లర దాకా నోటితో చెప్పేసే కోల్‌కతా బజారు పిల్లల్లో, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో కాగితం మీద భాగించగలిగింది 32 శాతమే. బడి పిల్లలది సరిగ్గా తలకిందులు. పలక లెక్కలు మెరుగ్గానే చేశారు కానీ, పనిచేసే పిల్లల్లో మూడోవంతుకు పైగా తేల్చేసిన బజారు లెక్కను వాళ్లలో 1 శాతమే చేయగలిగారు.

దీన్నిబట్టి నాకు తోచేది ఒకటే: లెక్కలో వేగమంటే చేతి చురుకు కాదు, దగ్గరి దారి ఎంచుకోవడం. కిలో 20 రూపాయలైతే 800 గ్రాములు ఎంత? కిలోకి 200 గ్రాములు తక్కువ గనుక నాలుగు తీసేస్తే 16. దీనికి దశాంశాల గుణకారం వేసే పిల్లవాడు తప్పు చేయడం లేదు, దూరం నడుస్తున్నాడు. అలాగని ఎక్కాలు బట్టీ చదువని కొట్టిపారేయలేం. బెంగాలీల ‘నామతా’ అయినా మన ఎక్కాలైనా నోటికి రాకపోతే, ఏడెనిమిదులెంతో వెతుక్కోవడానికే బుద్ధి సరిపోతుంది, దారి గురించి ఆలోచించే తీరిక ఉండదు. కానీ ఎక్కం వచ్చినంత మాత్రాన దారి కనబడదని ఆ 1 శాతమే చెబుతోంది. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉందిగా అంటారు. అంచనా లేనివాడు అది చూపిన తప్పునూ నమ్ముతాడు, పైగా బీజగణితంలో ప్రతి మెట్టు దగ్గరా ఈ చిన్న లెక్కలే అడ్డం పడతాయి. బజారును పొగడటం బాలకార్మికతను సమర్థించడమేనన్న అభ్యంతరం బరువైనది. ఆ పిల్లలు ఉండాల్సింది బడిలోనే. అందుకే వాళ్ల నేర్పుకు బడిలో చోటుండాలి.

రోజూ పది నిమిషాలు పుస్తకాలు మూయించి ధరలు, తూకాలు, చిల్లర అడగాలి. గడియారం చూస్తూ పోటీ పెట్టకూడదు. భయపడిన పిల్లవాడు వేళ్లనే ఆశ్రయిస్తాడు. జవాబు వచ్చాక ‘ఎలా చేశావు?’ అని ఇద్దరు ముగ్గురి చేత చెప్పించి, ఆ దారినే బోర్డు మీద అంకెల్లో రాయాలి. నోటిలెక్కకూ రాతలెక్కకూ వంతెన పడేది అక్కడే. ఆ పది నిమిషాలు ఎక్కడివంటే, పేజీల కొద్దీ ఒకే రకం భాగహారాలు చేయించే సమయంలోంచి తీసుకోవచ్చు.